"ఈజ్" ఎక్కడికి పోయింది?

సంక్రాంతి సెలవులకి ఎర్రుపాలెం వెళ్ళినప్పుడు మా అత్తయ్య కొడుకు నోట్‌బుక్ పట్టుకుని వచ్చాడు. తొమ్మిదో తరగతి. ఈ మధ్యే ఇంగ్లీష్ మీడియంలోకి మారాడు. "బావా, పార్ట్స్ ఆఫ్ స్పీచ్ చెప్పవా?" అన్నాడు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం కదా, నాకిదో లెక్కా అనుకున్నా.

"రవి ఈజ్ ఎ ఫార్మర్" అని రాసి, వెర్బ్ ఏదో చెప్పమన్నా. చాలాసేపు చూసి, "ఇందులో వెర్బ్ లేదు బావా" అన్నాడు. నేను పగలబడి నవ్వేశా. వాడు నోట్‌బుక్ మూసేసి వెళ్ళిపోయాడు. మర్నాడు రాలేదు.

ఆ రాత్రి అదే వాక్యాన్ని తెలుగులో అనుకుని చూశా. "రవి రైతు." రెండే మాటలు. క్రియ ఏదీ? లేదు! వాడు తెలుగులో ఆలోచించి, ఉన్నమాటే చెప్పాడు. పుట్టినప్పటి నుంచీ మాట్లాడుతున్న భాషలో ఈ సంగతి నేనే గమనించలేదు.

పొద్దున్నే వెళ్ళి సారీ చెప్పి, మళ్ళీ కూర్చోబెట్టా. ఇద్దరం కలిసి రాసుకున్నవి ఇవి.

1. మాటకి శాశ్వతమైన పేరు ఉండదు. వాక్యంలో చేసే పనిని బట్టే పేరు. "ట్రెయిన్స్ స్టాప్ హియర్"లో స్టాప్ క్రియ. "దిస్ స్టాప్ ఈజ్ స్మాల్"లో అదే స్టాప్ నామవాచకం, ఎందుకంటే "దిస్" దాన్నే చూపిస్తోంది.

2. ఆ మాట దేని గురించి చెప్తోందో అడగాలి. "ఎ ఫాస్ట్ ట్రెయిన్"లో ఫాస్ట్ రైలు గురించి చెప్తోంది, కాబట్టి విశేషణం. "ఇట్ రన్స్ ఫాస్ట్"లో పరుగు గురించి చెప్తోంది, కాబట్టి క్రియావిశేషణం.

3. ప్రిపొజిషన్ వాళ్ళకి ముందొస్తుంది, మనకి వెనక అతుక్కుంటుంది. "ఇన్ ఎర్రుపాలెం" అంటే "ఎర్రుపాలెంలో". ఆ "లో" దొరికితే "ఇన్" దొరికినట్టే.

4. వెర్బ్ దొరక్కపోతే వాక్యాన్ని గతంలోకి మార్చాలి. "రవి వాజ్ ఎ ఫార్మర్." కాలంతో పాటు మారిన మాటే వెర్బ్. తెలుగులో మాయమైన "ఈజ్" ఇలా పట్టుబడుతుంది.

కాలేజీకి తిరిగొచ్చాక ఇంకో సంగతి తెలిసింది. కంప్యూటర్‌కి వ్యాకరణం నేర్పడానికి యూనివర్సల్ డిపెండెన్సీస్ అనే పద్ధతి ఉంది. ప్రపంచ భాషలన్నిటికీ కలిపి 17 ట్యాగులు. అందులో తెలుగు వాక్యాలూ ఉన్నాయి. "రవి ఈజ్ ఎ ఫార్మర్"లోని "ఈజ్"కి ఆ పద్ధతి వెర్బ్ అన్న ట్యాగ్ ఇవ్వదు, ఆగ్జిలరీ అంటుంది. వాక్యానికి వేరు "ఫార్మర్" అంటుంది. అంటే ఆ లెక్కలో అసలు విషయం "రవి రైతు" అనే రెండు మాటల్లోనే ఉంది!

వెంటనే వాడికి ఫోన్ చేశా.

"అయితే నేను చెప్పింది రైటేనా బావా?"

"సగం రైటురా. పరీక్షలో మాత్రం వెర్బ్ అనే రాయి."

ఈసారి వాడు నవ్వాడు.