సైటు లేదన్నారు, రాత్రి లైట్లు చెదురుతున్నాయి

ప్రశ్న: నాకు 57 ఏళ్లు. చదవడానికే అద్దాలు వాడతాను. దూరపు చూపు 6/6 ఉందన్నారు. కానీ రాత్రిపూట బండి మీద వస్తుంటే ఎదురొచ్చే లైట్లు పువ్వుల్లా విచ్చుకుని దారి కనిపించడం లేదు. ఇంట్లో చెబితే భయమంటున్నారు.
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: అది భయం కాదండీ, మీ కళ్లు నిజమే చెబుతున్నాయి. తెల్లటి బోర్డు మీద నల్లటి అక్షరాలు చదివించే పరీక్షలో ఈ ఇబ్బంది బయటపడదు.

కంటి ముందున్న కార్నియా అంచుల గుండా వచ్చే కిరణాలు, నడిమి కిరణాల కన్నా కాస్త ముందే కలుస్తాయి. వయసులో ఉన్నప్పుడు లోపలి లెన్స్‌కు సరిగ్గా దీనికి ఎదురు దోషం ఉంటుంది, అందుకే రెండూ చాలావరకు సరిపోతాయి. ఎంత చక్కటి అమరికో! కానీ లెన్స్ జీవితాంతం పెరుగుతూనే ఉంటుంది. పాత పొరలు చర్మంలా రాలిపోవు, లోపలే అణిగిపోతాయి. నలభై దాటాక అది బిగుసుకుపోయి, దగ్గరి చూపు కోసం ఉబ్బలేకపోవడమే చత్వారం. ఆ తర్వాత కార్నియా దోషాన్ని దిద్దే గుణమూ తగ్గుతుంది. స్వచ్ఛత తగ్గి కాంతిని చెదరగొడుతుంది కూడా.

పగలు కంటిపాప చిన్నదై అంచు కిరణాలను ఆపేస్తుంది. చీకట్లో అది విప్పారుతుంది, అప్పుడు దోషం బయటపడుతుంది.

ఈ దోషం మామూలు అద్దాలతో పోదు. అయితే వయసుతో సిలిండర్ పవర్ మారుతుంది, కళ్లు పొడిబారతాయి, శుక్లం మొదలవుతుంది. వీటికి దారి ఉంది కాబట్టి చుక్కలు వేసి లెన్స్ చూడమని అడగండి. రాత్రి డ్రైవింగ్ కోసమని అమ్మే పసుపు అద్దాలు మాత్రం కొనకండి, అసలే తక్కువైన వెలుతురును ఇంకా తగ్గిస్తాయి. హెల్మెట్ అద్దం మీద గీతలుంటే మార్చండి. లైట్ల చుట్టూ రంగుల వలయాలతో పాటు కంటినొప్పి, వాంతి వస్తే ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. అది నీటికాసులు కావచ్చు.

ప్రశ్న: మా నాన్నగారు డెబ్బయ్యో ఏట అద్దాలు తీసేసి పేపరు చదువుతున్నారు. చూపు తిరిగొచ్చిందా?

జవాబు: లేదమ్మా. శుక్లం ముదురుతూ లెన్స్ నడిమి భాగం గట్టిపడితే కంటికి మైనస్ పవర్ వస్తుంది. దగ్గరిది తేటపడి, దూరానిది మసకబారుతుంది. ఆపరేషన్‌కు తొందర లేకపోవచ్చు. పరీక్ష అయ్యేదాకా ఆయన్ను ఒంటరిగా రోడ్డు దాటనివ్వకండి.