సంక్రాంతి బాతులకు ఏ షెడ్డు లాభం?

పండక్కి మాంసం బాతులు అమ్మాలనుకునే రైతులు నవంబరు 20-25 మధ్య పిల్లలను దించుకోవాలి. వైట్ పెకిన్ రకం మంచి దాణాతో 7 వారాల్లో సుమారు రెండున్నర కిలోలు తూగుతుంది. ఖర్చులో పెద్ద వాటా దాణాదే. తిన్నది ఒంటికి పట్టాలంటే బాతు పడుకునే చోటు పొడిగా ఉండాలి. షెడ్డును ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది ఇదే.

కోసిన చేలల్లో తిప్పడం: రాలిన గింజలు, నత్తలు తిని బతికే నాటు గుడ్ల బాతులకు బాగుంటుంది. బరువు రకాలు అంత దూరం నడవలేవు, నడిచినా కండ పట్టదు.

ఊక నేల: పెట్టుబడి తక్కువ. బాతుకు 4-5 చదరపు అడుగులు కావాలి. రెట్టలో నీరెక్కువ కాబట్టి ఊక త్వరగా ముద్దవుతుంది. తడి ఊక తీసి పొడిది చల్లుతూ ఉండకపోతే ఘాటు వాసన, బూజు, కాళ్ల జబ్బులు తప్పవు.

జాలీ నేల: రెట్ట, నీళ్లు కిందికి జారిపోతాయి, ఊక ఖర్చు ఉండదు. కట్టుబడి ఖర్చు మాత్రం ఎక్కువ. తీగ మొనలు పొడుచుకొస్తే పాదాలు పుండ్లవుతాయి.

షెడ్డు, ఆరుబయలు: బాతుకు రాత్రికి లోపల 3 చదరపు అడుగులు, పగటికి బయట 10-15 చదరపు అడుగులు. బయట 20 అంగుళాల వెడల్పు, 6-8 అంగుళాల లోతు నీటి కాలువ చాలు. ఈత అక్కర్లేదు, తల మునిగితే చాలు.

చేపల చెరువు గట్టు: హెక్టారుకు 200-300 బాతులు. రెట్ట చెరువుకు ఎరువవుతుంది. చేపపిల్లలు 10 సెంటీమీటర్లు దాటి ఉండాలి, లేకుంటే బాతులే మింగేస్తాయి.

చెరువు లేని చిన్న రైతుకు మా సలహా: ఊక నేల వేసి, నీటి తొట్లను మాత్రం ఒక పక్క జాలీ మీద, కింద మురుగు కాలువ ఉండేలా పెట్టండి. తక్కువ ఖర్చులో రెండింటి మేలూ దక్కుతుంది.

ఏ పద్ధతిలోనైనా మొదటి 3 వారాలు పిల్లలకు వెచ్చదనం ఇవ్వాలి, ఒళ్లు తడవనీయకూడదు. వానకు తడిసి బూజు పట్టిన మొక్కజొన్న, వేరుశనగ చెక్క పెట్టొద్దు. ఆ బూజు విషాన్ని బాతు కోడికన్నా తక్కువగా తట్టుకుంటుంది. 7 వారాలు దాటితే దాణా ఖర్చు పెరుగుతుందే గాని బరువు ఆ మేరకు పెరగదు. కొనేవారితో ముందే మాట్లాడుకున్నాకే పిల్లలను దించండి.