సైగలతో అడిగిరి

గన్నవరము విమానాశ్రయములో ఇంజనుల హోరున కేక వినబడదు గనుక, ఎదుట నిలిచినవాడు చేతులు రెండును తలపైకెత్తి అడ్డముగా చేర్చును. పైలటు విమానమును ఆపును.

ఇట్టి సైగలు లూకా సువార్త 1వ అధ్యాయములోను కలవు. జెకర్యా మూగవాడయ్యెనని మాత్రమే చదివి మనము సాగిపోవుదుము. 62వ వచనమును నిదానించి చూడుడి: బిడ్డకు ఏ పేరు పెట్టవలెనని బంధువులు అతనిని సైగలతోనే అడిగిరి. మాట మాత్రమే పోయినవానికి సైగలెందుకు? వినికిడియు పోయెననుటయే సరియని మాకు తోచుచున్నది. తామే పేరు నిర్ణయింపబూనినవారు తుదకు అతనివైపు తిరిగి చేతులు కదిపిరి. అతడు పలక అడిగి వ్రాసెను.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము సైగల భాషను పేర్కొన్నది. మన ఆరాధనలో వినికిడిలేని సహోదరి ఎక్కడ కూర్చుండును? బోధకుని పెదవులు కనబడు ముందువరుసలోనా, వెనుక స్తంభము చాటుననా? ప్రకటనలు చదువునపుడు ఆమెవైపు ఎవరు తిరుగుదురు?