ఫార్మాట్ కొట్టించే ముందు

స్టార్ట్ నొక్కితే మెనూ రాదు. సెట్టింగ్స్ ఇలా తెరుచుకుని అలా మూసుకుపోతుంది. ఉన్నట్టుండి నీలం తెర వచ్చి కంప్యూటర్ తనంతట తానే రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు ఇంట్లో వినిపించే మొదటి మాట, "ఫార్మాట్ కొట్టిస్తే పోలా!" ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకునే ఆలోచన అది. డెస్క్‌టాప్ మీదున్న పెళ్లి ఫొటోలు, పిల్లల ప్రాజెక్టులు, స్కాన్ చేసి దాచుకున్న సర్టిఫికెట్లు అన్నీ దాంతోపాటే పోతాయి.

పాడైన సిస్టమ్ ఫైళ్లను వెతికి సరిచేసే పనిముట్టు విండోస్‌లోనే ఉంది. విండోస్ 98 కాలం నుంచీ ఉంది. దాని పేరు సిస్టమ్ ఫైల్ చెకర్. పైసా ఖర్చు లేదు. కావలసిందల్లా కాస్త తీరిక, వరుస తప్పకుండా చేసే ఓపిక. ఆ ఓపిక అలవడితే అది కంప్యూటర్ దగ్గరే ఆగదు.

ముందు ముఖ్యమైన ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేయండి. ఈ పని అయ్యేదాకా మరో బటన్ ముట్టుకోవద్దు. తర్వాత సెర్చ్‌లో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్ మీద రైట్ క్లిక్ చేసి, 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' ఎంచుకోండి. నల్లటి విండో తెరుచుకుంటుంది. అందులో ఇంగ్లిష్ అక్షరాల్లో డిస్మ్, స్పేస్, స్లాష్ ఆన్‌లైన్, స్పేస్, స్లాష్ క్లీనప్ హైఫన్ ఇమేజ్, స్పేస్, స్లాష్ రీస్టోర్‌హెల్త్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. నెట్ ఆన్‌లో ఉండాలి. అది పూర్తయ్యాక ఎస్ఎఫ్‌సీ, స్పేస్, స్లాష్ స్కాన్‌నౌ అని కొట్టండి. సిస్టమ్ ఫైల్ చెకర్ అంటే ఇదే.

ఈ వరుస ఎందుకు? ఫైల్ చెకర్ పాడైన ఫైలును తీసేసి, విండోస్ తన దగ్గర దాచుకున్న మంచి నకలును ఆ స్థానంలో పెడుతుంది. ఆ నకళ్లుండే చోటే చెడిపోతే? దిద్దడానికి ఆధారమే ఉండదు. అందుకే విండోస్ 10, 11లలో ముందు డిస్మ్‌తో ఆ నిల్వను బాగుచేయమని మైక్రోసాఫ్టే చెబుతోంది. డిస్మ్ మామూలుగా విండోస్ అప్‌డేట్ నుంచి మంచి ఫైళ్లు తెచ్చుకుంటుంది. దిద్దడానికి ఆధారంగా పెట్టుకున్నది సరైనదేనా అని ముందు చూసుకోవడం ఏ పనిలోనైనా మంచి అలవాటు.

మధ్యలో శాతం అంకె ఒక్కోసారి ఒకచోట ఆగిపోయి చాలాసేపు కదలదు. చాలామంది విండో మూసేసేది అక్కడే. మూయకండి. నూరు శాతం అయ్యేదాకా వేచి చూడండి.

చివర్లో వచ్చే వాక్యాన్ని నిదానంగా చదవండి. ఏ లోపమూ కనబడలేదంటే జబ్బు వేరే చోట ఉంది. పాడైనవి దొరికాయి, బాగుచేశాం అంటే ఒకసారి రీస్టార్ట్ చేయండి. కొన్నిటిని బాగుచేయలేకపోయాం అంటే రెండు కమాండ్లూ మళ్లీ ఇవ్వండి. చదవకుండానే ఓకే నొక్కేసే అలవాటు మనలో చాలామందికి ఉంది. దాన్ని మానుకోవాల్సిందే. ఫలానా డీఎల్ఎల్ ఫైలు లేదని తెర చెబితే, ముక్కూమొహం తెలియని సైట్ నుంచి ఆ ఫైలు దించుకోవడం ఇంకా ప్రమాదం. దాని వెంట వైరస్ కూడా రావచ్చు.

బాగయ్యాక మళ్లీ అదే తంతయితే, కారణం పట్టుకోండి. అప్‌డేట్ నడుస్తుండగా కరెంటు పోయిందా? పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసే అలవాటుందా? హార్డ్ డిస్క్ అరిగిపోతోందా? డిస్కును పరీక్షించే చెక్ డిస్క్ పెట్టి చూడండి. కరెంటు తరచూ పోయే ఊళ్లో ఉంటే యూపీఎస్ మీద పెట్టిన డబ్బు వృథా కాదు.

ఇంత చేసినా లొంగకపోతే షాపుకి తీసుకెళ్లండి. తెరమీద వచ్చిన సందేశాన్ని ఫోన్‌లో ఫొటో తీసి, చేసిన పనులన్నీ వరుసగా కాగితం మీద రాసి పట్టుకెళ్లండి. అక్కడ కూడా ఫార్మాటే గతి అంటే, ఎందుకో అడగండి. కారణం చెప్పాకే ఒప్పుకోండి.