సెల్ఫీ స్టిక్ - థీమ్ పార్కుల నియమాలు - మన మర్యాద

విహారయాత్ర తేదీ నోటీసు బోర్డు ఎక్కగానే మన హాస్టల్లో రెండు పనులు మొదలవుతాయి. ఉన్న జతల్లో మంచి జత ఉతికి, మడతపెట్టి, ట్రంకుపెట్టె కింద పెట్టి ఇస్త్రీ చేసుకోవడం ఒకటి. ఏ సారు దగ్గర, ఏ సీనియర్ అన్న దగ్గర మంచి ఫోను ఉందో వాకబు చేయడం రెండోది. మా బ్యాచ్ వెళ్ళిన ఏడాది మూడో పని కూడా తోడైంది. తలా పది రూపాయలు వేసుకుని ఒక సెల్ఫీ స్టిక్ కొన్నాం.

పార్కు గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మా సంచులు చూసి, ఆ స్టిక్ పక్కన పెట్టమన్నాడు. మాలో ఒకడు మెల్లగా "మనం హాస్టల్ పిల్లలమని ఆపార్రా" అన్నాడు. ఎవరమూ కాదనలేదు. అంతకుముందు వేరే గుమ్మాల దగ్గర ఆగిపోయిన అనుభవం మాలో చాలామందికి ఉంది. ఇంతలో మా వెనక కారు దిగి వచ్చిన కుటుంబం దగ్గర కూడా అలాంటి స్టిక్కే కనిపించింది. ఆయన దాన్ని కూడా తీసుకున్నాడు. మాకిచ్చినట్టే వాళ్ళకూ ఒక టోకెన్ ఇచ్చాడు.

మా అనుమానం తీరింది గాని ప్రశ్న మిగిలింది. ఇంత చిన్న కర్రతో అంత పెద్ద పార్కుకు వచ్చే ఇబ్బంది ఏమిటి? తర్వాత మేము చదివి తెలుసుకున్న సంగతులు తమ్ముళ్ళ కోసం ఇక్కడ రాస్తున్నాం.

సెల్ఫీ స్టిక్ పుట్టుక

ఇది స్మార్ట్‌ఫోన్లతో పుట్టిన వస్తువని మనం అనుకుంటాం. నిజానికి దాని వయసు నలభై ఏళ్ళు దాటింది. జపాన్‌లో మినోల్టా కెమెరా కంపెనీలో ఇంజనీరుగా పనిచేసిన హిరోషి ఉయెదా 1980ల తొలినాళ్ళలో కెమెరాకు తగిలించే సాగుడు కర్రను తయారుచేశాడు. దాని వెనక ఒక చిన్న సంఘటన ఉంది. ఆయన భార్యతో కలిసి యూరప్ యాత్రకు వెళ్ళినప్పుడు, పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం దగ్గర తమ ఫొటో తీయమని ఒక పిల్లవాడి చేతికి కెమెరా ఇచ్చాడట. దంపతులు కాస్త వెనక్కి జరగగానే ఆ పిల్లవాడు కెమెరాతో పరుగందుకున్నాడు. ఇంకొకరి చేతికి కెమెరా ఇవ్వకుండా మన ఫొటో మనమే తీసుకునే మార్గం ఏమిటన్న ఆలోచన నుంచి ఆ కర్ర వచ్చింది.

అప్పట్లో అది అమ్ముడుపోలేదు. 1995లో వచ్చిన జపాన్ వింత వస్తువుల పుస్తకంలో నవ్వుకోవడానికి దాన్ని కూడా చేర్చారు. 2005 ప్రాంతంలో కెనడాకు చెందిన వేన్ ఫ్రామ్ ఇలాంటిదే మరొకటి తయారుచేశాడు. ముందు కెమెరా ఉన్న ఫోన్లు వచ్చాక గాని ఈ కర్రకు రోజులు రాలేదు. 2014లో టైమ్ పత్రిక ఆ ఏటి మేటి ఆవిష్కరణల జాబితాలో సెల్ఫీ స్టిక్‌ను చేర్చింది. ఆ మరుసటి ఏడాదే చాలా చోట్ల దాన్ని నిషేధించారు.

2015లో ఏం జరిగింది?

అమెరికాలోని కాలిఫోర్నియాలో, 1955లో ప్రారంభమైన డిస్నీల్యాండ్ పక్కనే డిస్నీ వారి మరో పార్కు ఉంది. అందులో 2001లో కాలిఫోర్నియా స్క్రీమిన్ అనే రోలర్ కోస్టర్ మొదలైంది. నిలబడి ఉన్న బండి సుమారు 4 సెకన్లలో గంటకు 88 కిలోమీటర్ల వేగం అందుకునేది. 2018లో దానికి మార్పులు చేసి ఇన్‌క్రెడికోస్టర్ అనే పేరు పెట్టారు.

డిస్నీ రైడ్లలో సెల్ఫీ స్టిక్ తీయకూడదన్న నియమం ముందునుంచే ఉంది. సిబ్బంది నోటితో చెప్పేవారు. కొన్ని రైడ్ల దగ్గర బోర్డులు కూడా పెట్టారు. అయినా 2015 జూన్‌లో ఒక సందర్శకుడు ఈ రోలర్ కోస్టర్ మీద స్టిక్ బయటికి తీశాడు. దానితో రైడ్‌ను సుమారు గంటసేపు ఆపవలసి వచ్చింది. ఒక్కడి ఫొటో కోసం వరుసలో నిలబడిన వాళ్ళందరూ ఎండలో ఎదురుచూశారు.

2015 జూన్ 30 నుంచి కాలిఫోర్నియా, ఫ్లోరిడాల్లోని డిస్నీ పార్కుల్లోకి సెల్ఫీ స్టిక్ తీసుకురావడాన్నే నిషేధించారు. జూలై 1 నుంచి పారిస్, హాంకాంగ్ డిస్నీల్యాండ్లలోనూ ఇదే నియమం అమలైంది. సిక్స్ ఫ్లాగ్స్ అనే మరో పెద్ద పార్కుల సంస్థ కూడా అదే వేసవిలో నిషేధం ప్రకటించింది.

ఇక్కడ వరుస గమనించండి. ముందు మాటతో చెప్పారు. తర్వాత బోర్డు పెట్టారు. చివరికి గేటు దగ్గరే ఆపారు. మాటకు విలువ ఇచ్చి ఉంటే బోర్డు అక్కర లేదు. బోర్డు చదివి ఉంటే నిషేధం అక్కర లేదు. కొందరు మర్యాద తప్పితే అందరికీ నియమం వస్తుంది.

ఎందుకు ప్రమాదం? మన పాఠాలతోనే లెక్క

మొదటి కారణం, చేతి కొలత. ఆర్టీసీ బస్సులో చేతులు, తల బయట పెట్టవద్దని రాసి ఉంటుంది కదా! రోలర్ కోస్టర్ కట్టేటప్పుడు ఇంజనీర్లు ఇంకో అడుగు ముందుకు వేస్తారు. సీట్లో కట్టుబడి కూర్చున్న మనిషి చేతులు, కాళ్ళు ఎటు ఎంత దూరం చాపగలడో కొలిచి, ఆ మేరకు స్తంభం గాని, దూలం గాని అడ్డు రాకుండా ఖాళీ వదులుతారు. అమెరికాలో ఏఎస్‌టీఎం ఎఫ్ 2291 అనే ప్రమాణంలో ఈ ఖాళీ హద్దు గురించి ఉంది. ఆ లెక్క మనిషి చేతికి వేసినది. మీటరు పొడవు కర్ర పట్టుకుంటే మన చేయి ఆ హద్దు దాటిపోతుంది. అక్కడ ఏముందో మనకు తెలియదు. గంటకు 88 కిలోమీటర్ల వేగంలో చూసి తప్పించుకునే సమయమూ ఉండదు.

రెండో కారణం, బల భ్రామకం. అంటే బలాన్ని దూరంతో గుణించగా వచ్చేది. 200 గ్రాముల ఫోను బరువు సుమారు 2 న్యూటన్లు. మణికట్టుకు 10 సెంటీమీటర్ల దూరంలో, అరచేతిలో దాన్ని పట్టుకుంటే భ్రామకం 0.2 న్యూటన్ మీటర్లు. అదే ఫోను మీటరు కర్ర చివర ఉంటే 2 న్యూటన్ మీటర్లు. అంటే మణికట్టు మీద భారం పది రెట్లు! రోలర్ కోస్టర్ లోయలోకి దిగి లేచేటప్పుడు మన బరువు మూడు రెట్లు అయినట్టు అనిపించడం మామూలే. అప్పుడు ఆ భారం కూడా మూడు రెట్లవుతుంది. గట్టిగా పట్టుకున్నాం అనుకున్న కర్ర జారేది అక్కడే.

మూడో కారణం, జారిన వస్తువు వేగం. గంటకు 88 కిలోమీటర్లు అంటే సెకనుకు సుమారు 24.4 మీటర్లు. ఒక వస్తువు ఈ వేగం అందుకోవాలంటే ఎంత ఎత్తు నుంచి పడాలి? వేగ వర్గాన్ని 2జీతో భాగిస్తే సుమారు 30 మీటర్లు వస్తుంది. అంటే పది అంతస్తుల మేడ మీద నుంచి ఫోను పడినంత దెబ్బ, కింద నిలబడ్డవాడికి తగలవచ్చు.

ఇది పుస్తకం లెక్క మాత్రమే కాదు. ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్కులో డ్యుయెలింగ్ డ్రాగన్స్ అనే జంట రోలర్ కోస్టర్ ఉండేది. రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చి, ఢీకొంటాయేమో అన్నంత దగ్గరగా తప్పుకునేవి. 2011లో దాని మీద ఎగిరి వచ్చిన ఏదో వస్తువు తగిలి ఒక సందర్శకుడి కంటికి తీవ్ర గాయమైంది. ఆ ఏడాది అక్టోబరు నుంచి రెండు బండ్లను ఒకేసారి వదలడం మానేశారు. 2017లో ఆ రైడ్ మూతపడింది.

నియమాలు ఎలా ఉంటాయి?

అన్ని పార్కుల నియమం ఒకటి కాదు. కొన్ని చోట్ల స్టిక్ గేటు దాటకూడదు. కొన్ని చోట్ల లోపలికి తేవచ్చు గాని రైడ్ ఎక్కేటప్పుడు తీయకూడదు. అమెరికా డిస్నీ పార్కుల్లో సెల్ఫీ స్టిక్ నిషేధమైనా, మామూలు వీపుసంచిలో పట్టే, 6 అడుగులు మించి సాగని చిన్న ట్రైపాడ్‌ను అనుమతిస్తారు. నియమం వచ్చిన కొత్తలో స్టిక్‌తో వచ్చినవాళ్ళకు రెండు దారులు చూపారు. గేటు దగ్గర అప్పగించి తిరిగి వెళ్ళేటప్పుడు తీసుకోవచ్చు, లేదా వెనక్కి వెళ్ళి కారులోనో, హోటల్ గదిలోనో పెట్టి రావచ్చు. లోపల పార్కు వారి ఫొటోగ్రాఫర్లు ఉంటారు. అడిగితే మన ఫోనుతో కూడా ఫొటో తీసి ఇస్తారు.

కారణం చోటును బట్టి మారుతుంది. 2015 మార్చిలో వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియాలు, లండన్‌లోని నేషనల్ గ్యాలరీ కూడా సెల్ఫీ స్టిక్‌ను నిషేధించాయి. అక్కడ రైడ్లు లేవు. కాపాడవలసినవి చిత్రపటాలు, వాటి ముందు నిలబడే మనుషులు.

మనం పాటించవలసిన మర్యాదలు

1. బయలుదేరే ముందే ఆ పార్కు నియమాలు చదవాలి. అనుమతి లేకపోతే స్టిక్‌ను హాస్టల్లోనే ఉంచాలి.

2. రైడ్ ఎక్కేటప్పుడు ఫోను చేతిలో గాని, పైజేబులో గాని ఉండకూడదు. లాకరులో పెట్టాలి. లేదా ఒకరు కింద ఉండి అందరి సామాను చూడాలి. ప్రతిసారీ ఒకరినే ఉంచకుండా వంతులు వేసుకోవాలి.

3. అనుమతి ఉన్న చోట కూడా స్టిక్‌ను మడిచి పట్టుకుని నడవాలి. ఫొటో తీసేటప్పుడే సాగదీయాలి. చుట్టూ చూసి, చిన్నపిల్లల మొహాలకు తగలకుండా తీయాలి.

4. ఊరేగింపు, ప్రదర్శన జరిగేటప్పుడు తలకు మించి ఎత్తకూడదు. వెనక ఉన్నవాళ్ళు కూడా టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళే.

5. దారి మధ్యలో, మెట్ల మీద, వరుసలో ఆగి ఫొటోలు తీయకూడదు.

6. తెలియనివాళ్ళు, ముఖ్యంగా ఆడపిల్లలు, పసిపిల్లలు మన ఫొటోలో పడకుండా చూసుకోవాలి. నీళ్ళ ఆటల దగ్గర ఈ జాగ్రత్త మరీ ముఖ్యం.

7. ఏదైనా జారి కంచె అవతల పడితే మనం దూకకూడదు. సిబ్బందికి చెప్పాలి. 2015 ఆగస్టులో అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, సీడార్ పాయింట్ పార్కులో ఒకతను రైడ్‌లో పోయిన వస్తువుల కోసం కంచె దాటి లోపలికి వెళ్ళి, రోలర్ కోస్టర్ తగిలి చనిపోయాడు. పోయిన ఫోను మళ్ళీ కొనుక్కోవచ్చు. ఇంటి దగ్గర మన కోసం చూసే అమ్మకు ఇంకో కొడుకును కొనిపెట్టలేం.

8. తిరుగు ప్రయాణంలో చెరువు, డ్యాము, జలపాతం దగ్గర ఆగినప్పుడు కూడా జాగ్రత్త తప్పదు. 2011 అక్టోబరు నుంచి 2017 నవంబరు వరకు వచ్చిన వార్తలను పరిశీలించి మన దేశ వైద్యులు 2018లో ఒక అధ్యయనం ప్రచురించారు. సెల్ఫీ తీసుకుంటూ ప్రపంచంలో 259 మంది చనిపోయినట్టు అందులో తేలింది. అందరికంటే ఎక్కువమంది మన దేశంవాళ్ళే. ఎక్కువ మరణాలు నీళ్ళలో మునిగి జరిగినవే.

నియమమా? అవమానమా?

తమ్ముళ్ళూ, ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే. మనలాంటి పిల్లలకు "వద్దు" అనే మాట చిన్నప్పటినుంచి ఎక్కువసార్లు వినబడుతుంది. అందువల్ల ఎవరు ఆపినా మనల్నే ఆపారని గుండె కలుక్కుమంటుంది. అలాగని ప్రతి "వద్దు"కూ తల వంచవద్దు, ప్రతి "వద్దు" మీదా కోపం తెచ్చుకోవద్దు. మూడు ప్రశ్నలు వేసుకోండి.

ఈ నియమం అందరికీ ఉందా? దీనికి నోరు తెరిచి చెప్పగలిగిన కారణం ఉందా? ఆపినవాళ్ళు మనకు ఇంకో దారి చూపారా?

సెల్ఫీ స్టిక్ నియమం ఈ మూడింటికీ నిలబడింది. ఖరీదైన టికెట్ కొన్నవాడికీ, మామూలు టికెట్ కొన్నవాడికీ అది ఒకటే. దాని కారణం మన భౌతికశాస్త్రం నోటుబుక్కులో దొరుకుతుంది. అప్పగించిన స్టిక్‌కు టోకెన్ దొరుకుతుంది. అలాంటి నియమాన్ని పాటించడంలో మన గౌరవానికి లోటు లేదు.

అయితే కొందరినే ఆపి, కారణం అడిగితే కసిరి, దారి చూపకుండా పొమ్మంటే అది నియమం కాదు. అప్పుడు మర్యాదగానే, గొంతు తగ్గించకుండా, "అందరికీ ఇదే నియమమా సార్?" అని అడగండి. నియమాల వెనక ఉన్న లెక్క తెలిసినవాడికి ఆ ప్రశ్న అడిగే ధైర్యం వస్తుంది. మనం చదువుకునేది ఇందుకు కూడా.

ముగింపు

ఆ రోజు సాయంత్రం గేటు బయట టోకెన్ ఇచ్చి మా స్టిక్ తీసుకున్నాం. దాన్ని ఎంత సాగదీసినా మేము నలభై ఒక్కమందిమి ఫొటోలో పట్టలేదు. ముందున్నవాడి తల పెద్దదై, వెనకవాళ్ళు సగం సగం పడ్డారు. ఉదయం కారులో వచ్చిన ఆయన తన స్టిక్ కోసం అక్కడే నిలబడి ఉన్నాడు. "సార్, ఒక ఫొటో తీసిపెడతారా?" అని అడిగాం. ఆయన నాలుగు అడుగులు వెనక్కి వేసి, "అందరూ దగ్గరగా రండి" అని మూడు ఫొటోలు తీసి ఫోను తిరిగి ఇచ్చాడు. తర్వాత వాళ్ళ కుటుంబం ఫొటో మేము తీశాం. ఉయెదా గారికి లూవ్ర్ దగ్గర ఇలాంటివాడు దొరికి ఉంటే సెల్ఫీ స్టిక్ ఇంకొన్నాళ్ళు ఆలస్యంగా పుట్టేదేమో!

ఇప్పుడు మా బ్యాచ్‌లో ఒకరు ఉపాధ్యాయుడు, ఇద్దరు కానిస్టేబుళ్ళు, కొందరు హైదరాబాదులో ఉద్యోగాల్లో ఉన్నారు. అందరి దగ్గరా ఉన్నది ఆ ఫొటోనే. అందులో ఎవరి తలా సగం తెగలేదు.

ఆలోచించి రాయండి

1. 150 గ్రాముల ఫోను 80 సెంటీమీటర్ల కర్ర చివర ఉంటే మణికట్టు దగ్గర బల భ్రామకం ఎంత? కర్ర బరువు లెక్కలోకి తీసుకోవద్దు.

2. మన హాస్టల్ నోటీసు బోర్డు మీదున్న ఏదైనా ఒక నియమాన్ని తీసుకుని, పైన చెప్పిన మూడు ప్రశ్నలూ వేయండి. జవాబులు వార్డెన్ గారితో చర్చించండి.