ఆ పతకం జాబితాలో ‘డిమాండ్ లేని’ బ్రాంచీలు

ఈఏపీసెట్ ర్యాంకులు వచ్చిన మర్నాటి నుంచి కెరీర్ కౌన్సెలర్ల దగ్గర ఒకటే ప్రశ్న. ‘సీఎస్‌ఈ వస్తుందా, రాదా?’ రాకపోతే మేనేజ్‌మెంట్ కోటా. అదీ అందకపోతే ఏఐ అనో డేటా సైన్స్ అనో తోక తగిలించుకున్న ఇంకో సీఎస్‌ఈ. అమ్మాయికి ఏది ఇష్టమని అడిగితే తండ్రికి ఆ ప్రశ్నే వింతగా తోస్తుంది. ‘దానికేం తెలుసండీ! రేపు అమెరికా వెళ్లాలి, టెక్నాలజీలో పేరు తెచ్చుకోవాలి.’

అమెరికాలో టెక్నాలజీతో పేరు తెచ్చుకోవడమంటే ఏమిటో ఆ దేశమే ఒక కొలత పెట్టుకుంది. దాని పేరు నేషనల్ మెడల్ ఆఫ్ టెక్నాలజీ అండ్ ఇన్నోవేషన్. 1980లో చట్టం చేశారు, 1985లో తొలిసారి ఇచ్చారు. పేరులో ‘ఇన్నోవేషన్’ 2007లో చేరింది. సాధారణంగా అధ్యక్షుడి చేతుల మీదుగా అందుతుంది. అమెరికా పౌరులై ఉండాలి, పేరును మరొకరు ప్రతిపాదించాలి.

మొదటి విడతలోనే స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్ ఉన్నారు. మన ఇళ్లలో అందరికీ వచ్చిన కథ ఆ ఒక్కటే. కాలేజీ మానేసిన కుర్రాడు, గ్యారేజీ, కంప్యూటర్, కోట్లు. మిగతా జాబితా చదివే ఓపిక ఎవరికీ ఉండదు. అసలు సంగతంతా అక్కడే ఉంది.

2010 సంవత్సరపు పతకాలే చూడండి. మొత్తం ఐదుగురికి ఇచ్చారు. రాకేశ్ అగ్రవాల్ ఐఐటీ కాన్పూర్‌లో కెమికల్ ఇంజినీరింగ్ చదివాడు. వాయువులను విడదీయడంలో, ద్రవంగా మార్చడంలో తక్కువ కరెంటుతో పని జరిగే పద్ధతులు కనిపెట్టాడు. జయంత్ బాలిగ ఐఐటీ మద్రాస్‌లో ఎలక్ట్రికల్ చదివాడు. డోనాల్డ్ బేట్‌మన్ విమానం నేలనో కొండనో ఢీకొనబోతుంటే పైలట్‌ను హెచ్చరించే పరికరం తయారుచేశాడు. ఇవాన్ బ్రిల్ గణితం, కెమిస్ట్రీ చదివి ఉపగ్రహాలను కక్ష్యలో నిలిపే రాకెట్ ఇంజిన్ రూపొందించింది. మైఖేల్ టాంప్‌సెట్ ఫిల్ము లేకుండా చిప్‌తో బొమ్మ పట్టే సీసీడీ ఇమేజర్ మీద పనిచేశాడు. వీళ్లలో ఒక్కరికి కూడా సాఫ్ట్‌వేర్ రాసినందుకు పతకం రాలేదు.

బాలిగ దగ్గర కాస్త ఆగాలి. 1980 ప్రాంతంలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో ఆయన తీర్చిదిద్దిన ఐజీబీటీ అనే స్విచ్ ఇవాళ ఇన్వర్టర్ ఏసీలో ఉంది, ఇండక్షన్ స్టవ్‌లో ఉంది, రైలింజనులో ఉంది, ఎలక్ట్రిక్ కారులో ఉంది. అదంతా ట్రిపుల్ఈ చదువు. మన రెండు రాష్ట్రాల్లో ఏటా సీట్లు మిగిలిపోయే బ్రాంచి, అడిగేవాళ్లు లేరని కాలేజీలు సెక్షన్లు ఎత్తేసి ఆ గదుల్లో కంప్యూటర్లు పెట్టుకుంటున్న బ్రాంచి అదే. రోడ్ల మీదికి ఎలక్ట్రిక్ బస్సులు వస్తున్న రోజుల్లో ఆ బస్సును నడిపించే శాస్త్రానికి డిమాండ్ లేదంటున్నాం!

బ్రిల్ కథ ఆడపిల్లల తల్లిదండ్రుల కోసం. ఆమె కెనడాలో పుట్టింది. ఇంజినీరింగ్ చదువుతానంటే మానిటోబా విశ్వవిద్యాలయం చేర్చుకోలేదు. కోర్సులో భాగంగా ఊరి బయట శిబిరంలో ఉండాలి, అక్కడ ఆడవాళ్లకు వసతి లేదు. విశ్వవిద్యాలయం చెప్పిన కారణం ఇది. ‘మెకానికల్ ఆడపిల్లకెందుకు, ఫ్యాక్టరీల్లో తిరగాలి’ అనే మాట ఈనాటికీ మన కౌన్సెలింగ్ హాళ్లలో వినిపిస్తూనే ఉంది. విశ్వవిద్యాలయం వేసిన అడ్డును ఇక్కడ ఇంట్లోవాళ్లే వేస్తున్నారు.

‘కంప్యూటర్ కంపెనీలో ఉద్యోగం కావాలంటే కంప్యూటర్సే చదవాలిగా’ అనేది ఇంకో నమ్మకం. రంగస్వామి శ్రీనివాసన్ మద్రాసు విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ చదివి, అమెరికాలో పీహెచ్‌డీ చేసి, 1961లో ఐబీఎం పరిశోధన కేంద్రంలో చేరాడు. అంత పెద్ద కంప్యూటర్ కంపెనీ ఒక కెమిస్ట్‌ను ఎందుకు తీసుకుంది? చిప్పులు తయారయ్యేది రసాయనాలతో, పాలిమర్లతో కాబట్టి. ఎక్సైమర్ లేజర్‌తో ప్లాస్టిక్ పొరలను చెక్కే పని చేస్తున్న శ్రీనివాసన్, 1981 నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగకు వండగా మిగిలిన టర్కీ కోడి మాంసాన్ని లేజర్ కింద పెట్టి చూశాడు. చుట్టుపక్కల ఏమీ కాలకుండా శుభ్రంగా కోత పడింది. కళ్లజోడు వదిలించే లాసిక్ చికిత్సకు దారి అక్కడ తెరుచుకుంది. ఆయనకూ, సహచరులు జేమ్స్ విన్, శామ్యూల్ బ్లమ్‌లకూ ఈ పతకం అందింది 2013లో. కోత పడిన రోజు నుంచి పతకం దాకా ముప్ఫై ఏళ్లు దాటాయి. పదో తరగతికే ‘ఇన్నోవేటర్’ అనిపించుకోవాలని పిల్లల్ని తరిమేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

అశోక్ గాడ్గిల్‌ది ఫిజిక్స్. బొంబాయి, ఐఐటీ కాన్పూర్, బర్క్‌లీలలో చదువు. 1990ల మొదట్లో బెంగాల్‌లో కొత్త రకం కలరా ప్రబలాక, అతినీలలోహిత కాంతితో తాగునీటిలోని క్రిములను చంపే చవకైన పరికరం రూపొందించాడు. దాన్ని వాడే నీటి కేంద్రాలు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పల్లెల్లోనూ వచ్చాయి. ఆయనకు పతకం 2023లో ఇచ్చారు.

ఇక డబ్బు సంగతి. ‘బీటెక్ సీఎస్‌ఈ, ఆపై ఎంఎస్’ అనే దారిలో మామూలుగా రెండుసార్లు జేబు ఖాళీ అవుతుంది. ఇక్కడ కోటా సీటుకు ఒకసారి, అక్కడ ఎంఎస్ ఫీజుకు ఇంకోసారి. అమెరికాలో ఎంఎస్‌కు ఎక్కువమంది సొంత డబ్బో బ్యాంకు అప్పో పెట్టుకుంటారు. పొలం కాగితాలు తాకట్టులోకి వెళ్తాయి. ఉద్యోగం దొరికినా హెచ్1బీ లాటరీ తగలాలి. సైన్స్, ఇంజినీరింగ్‌లో పీహెచ్‌డీ సీటు వస్తే చాలా విశ్వవిద్యాలయాలు ఫీజు తీసుకోకపోగా పాఠం చెప్పినందుకో పరిశోధన చేసినందుకో నెలనెలా జీతంలాంటిది ఇస్తాయి. ఈ తేడా కన్సల్టెన్సీల బ్రోచర్లలో పెద్ద అక్షరాలతో కనిపించదు. పీహెచ్‌డీ విద్యార్థి వల్ల వాళ్లకు మిగిలేది తక్కువ మరి.

కొత్తగా ‘ప్రొఫైల్ బిల్డింగ్’ అనే వ్యాపారం బయల్దేరింది. ఇంటర్ పిల్లాడి పేరుతో పరిశోధన పత్రం, పిల్లాడి పేరుతో పేటెంటు, పైన ఒక ‘జాతీయ ఇన్నోవేషన్ పురస్కారం’, అన్నీ ఒకే ప్యాకేజీ. చేతికిచ్చే కాగితాన్ని చదివితే అది చాలాసార్లు పేటెంటే కాదు, డిజైన్ రిజిస్ట్రేషన్. వస్తువు పైరూపానికే అది రక్షణ. లోపలి పనితనానికి దానితో సంబంధం లేదు. మరికొన్నిసార్లు అది దరఖాస్తు ‘ప్రచురితమైంది’ అన్న కాగితం. దరఖాస్తు పెట్టాక సాధారణంగా పద్దెనిమిది నెలలకు దానంతట అదే ప్రచురితమవుతుంది, ఫీజు కడితే ముందే అవుతుంది. పరీక్ష జరిగి మంజూరైతేనే పేటెంట్. పురస్కారం సంగతి ఇంకా తేలిక. నామినేషన్ ఫీజు, జ్ఞాపిక ఖర్చు, హోటల్ హాలు వాటా అని ఎవరైనా అడిగితే ఫోన్ పెట్టేయొచ్చు. పిల్లాడు చేయని పనికి పిల్లాడి పేరు కొనిపెట్టడం వాడికి నేర్పే మొదటి పాఠం ఏమిటో తల్లిదండ్రులే ఆలోచించాలి. రేపు ఇంటర్వ్యూలో ఆ పేటెంట్ గురించి రెండో ప్రశ్న పడితే నీళ్లు నమిలేది వాడే.

సీఎస్‌ఈ పనికిరాదని దీని అర్థం కాదు. సాఫ్ట్‌వేర్ నిర్మాణం మీద జీవితమంతా పనిచేసిన మేరీ షా 2012 పతకం అందుకుంది. లెక్కలంటే ప్రాణం పెట్టే పిల్లలు, గంటలు గంటలు కోడ్‌తో కుస్తీ పట్టేవాళ్లు ఆ బ్రాంచికి వెళ్లాల్సిందే. అటువైపు మనసే లేనివాళ్లను తోయడమే దారుణం. అలాగే పరిశోధన అందరికీ సరిపోదు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది. మన దేశంలో పరిశోధక విద్యార్థులకిచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. అదే వయసులో సాఫ్ట్‌వేర్ స్నేహితుడు అంతకు రెండింతలు తెచ్చుకోవచ్చు. ఇంటి అప్పు తీర్చాల్సిన పిల్లలకు ఈ సంగతి దాచకుండా చెప్పాలి.

ఆసక్తి ఉన్నవాళ్లకు దారులు దగ్గర్లోనే ఉన్నాయి. తిరుపతి ఐఐఎస్‌ఈఆర్‌లో ఇంటర్ ఎంపీసీ, బైపీసీ వాళ్లెవరైనా ఐఏటీ ప్రవేశ పరీక్ష రాసి చేరొచ్చు. వరంగల్ ఎన్‌ఐటీ, ఆంధ్రా యూనివర్సిటీలలో కెమికల్, మెటలర్జీ ఉన్నాయి. మంచి డిగ్రీ కాలేజీలో బీఎస్సీ చేసి, జామ్ ప్రవేశ పరీక్ష రాసి ఐఐటీలో ఎమ్మెస్సీ చేయడం బాగా చవకైన దారి, మన తల్లిదండ్రులు అన్నిటికంటే చిన్నచూపు చూసే దారీ అదే. పేరులేని కాలేజీలో కోటా సీఎస్‌ఈ కంటే ఇది ఎన్నో రెట్లు నయం.

వెబ్ ఆప్షన్లు పెట్టే ముందు ఆ కాలేజీకి స్వయంగా వెళ్లండి. స్వాగత ద్వారం, ప్లేస్‌మెంట్ ఫ్లెక్సీ దాటి ల్యాబ్‌లోకి నడవండి. పరికరాల మీద దుమ్ముందో లేదో, వారంలో ఎన్ని గంటలు పిల్లలు వాటిని ముట్టుకుంటారో అక్కడి ల్యాబ్ అసిస్టెంట్‌ను అడగండి. ప్రిన్సిపాల్ కంటే నిజం ఆయనే చెబుతాడు. చదువుతున్న సీనియర్లతో పిల్లను ఒంటరిగా మాట్లాడనివ్వండి. తర్వాత ఆప్షన్ల వరుస పిల్ల చేతే పెట్టించండి. లాగిన్ పాస్‌వర్డ్ కూడా దాని దగ్గరే ఉండనివ్వండి.