ప్రాచీన స్లావిక్‌లో ‘చేయి’: రొఁకా

రష్యన్, చెక్ భాషల్లో చేతిని ‘రుకా’ అంటారు. పోలిష్‌లో అదే ‘రెంకా’. వీటన్నిటికీ మూలం ప్రాచీన స్లావిక్ పదం *రొఁకా. ముందున్న నక్షత్రపు గుర్తు చాలా ముఖ్యం: ప్రాచీన స్లావిక్‌లో రాతప్రతులేవీ లేవు, ఈ రూపాన్ని వారస భాషలను పోల్చి పండితులు పునర్నిర్మించారు. 9వ శతాబ్దంలో సిరిల్, మెథోడియస్ సోదరుల కృషితో స్లావులకు రాత వచ్చింది. అప్పటికే ఈ పదం పాతది.

అసలు విశేషం దీని పుట్టుకలో ఉంది. సంస్కృతం ‘హస్త’, గ్రీకు ‘ఖేయిర్’, హిట్టైట్ ‘కెస్సర్’ ఒకే ఇండో-యూరోపియన్ మూలానికి చెందినవి. స్లావులు చేతికి ఆ పాత పేరును వదిలేశారు. వాళ్లతో పాటు బాల్టిక్ జనమూ వదిలేశారు: లిథువేనియన్‌లో ‘రంకా’, లాట్వియన్‌లో ‘రువకా’. లిథువేనియన్ క్రియ ‘రింక్తి’కి ఏరడం, పోగుచేయడం అని అర్థం. అంటే చేయి ‘ఏరి కూర్చేది’ అన్నమాట! పని చూసి అవయవానికి పేరు పెట్టిన ఆ ఆలోచన నిజంగా అందమైనది. బాల్టిక్, స్లావిక్ శాఖల దగ్గరి బంధుత్వానికి చూపే సాక్ష్యాల్లో ఇదొకటి.

ధ్వని విషయానికొస్తే, ‘రొఁ’లోని అనునాసికాన్ని పోలిష్ నేటికీ నిలుపుకుంది, రష్యన్‌లో అది ‘ఉ’కారంగా మారింది. పోలిష్ బహువచనం ‘రెంత్సె’ నిజానికి పాత ద్వివచన రూపం, సంస్కృతంలో ‘హస్తౌ’ లాగా.